పసుపు గడపకు రబ్బరు పట్టీ

ఫిబ్రవరి 9, ఆదివారం

మీ అమ్మ, మీ ఇష్టం అన్నాను. బాగా అన్నాను. ఇంకోసారి అడిగినా అదే అంటాను.

నిన్న కర్నూలు ఆసుపత్రిలో, ఆయాసంతో బాధపడే అత్తకు ఎక్స్‌రే తీశారు, గొట్టంలోకి ఊదించారు. డాక్టరమ్మ మందులు రాసి, పీల్చే మందు ఎట్లా పీల్చాలో నేర్పి, చివర్లో ఏ ఊరని అడిగింది. ఎర్రగుంట్ల అనగానే రాసేది ఆపింది. సిమెంటు లారీలు పోయే రోడ్డు మీదేనా ఇల్లు? ఆ రోడ్డు మీదే అన్నాను. మందులు మానకుండా వాడాలి, కానీ దుమ్ము తగిలితే ఎన్ని మందులు వాడినా మళ్లీ మొదటికే వస్తుంది అంది. మా ఊళ్లో దుమ్ము తగలకుండా ఎవరు బతికారో ఆమే చెప్పాలి.

బయటికి వచ్చాక ఉమామహేశ్ నన్ను పక్కకు పిలిచాడు. నా మొగుడు బసవరాజ్‌కు తమ్ముడు. కర్నూల్లోనే ఉద్యోగం, మూడో అంతస్తులో ఇల్లు. చెడ్డవాడు కాదు.

"వదినా, ఉగాదికి ముందు ఆదివారం వచ్చి అమ్మను తీసకపోతా. అన్న పోయినాక గూడ మీరు ఇన్నాళ్లు చూసినారు, అది శానా పెద్ద మాట. ఇంగ ఆ దుమ్ములో వద్దు. మీరేమంటారు?"

మొగుడు పోయిన కోడలు, కొడుకు పోయిన అత్త ఒకే ఇంట్లో ఎందుకు ఉన్నారని మూడేళ్లుగా ఊరు వింతగా చూస్తూనే ఉంది. నేనేమంటాను? మీ అమ్మ, మీ ఇష్టం అన్నాను. అత్త అక్కడే బెంచీ మీద కూర్చుని వింటోంది. నా వైపు చూసింది. నేను మందుల చీటీ చదువుతూ నిలబడ్డాను.

ఉండమని ఒకరిని బతిమాలే అలవాటు మా పుట్టింట్లోనే లేదు.

ఫిబ్రవరి 11

పొద్దున తుడిచిన కిటికీ గూట్లో సాయంత్రం వేలితో నా పేరు రాశాను. అక్షరం అక్షరం కనబడింది.

ఫిబ్రవరి 13, గురువారం

దొంగ దొరికాడు.

తలుపులూ కిటికీలూ మూసే ఉంటాయి కదా, దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందని నేను పని చేసే లారీల కాటాలో పొద్దంతా కూర్చుని ఆలోచించాను. లారీల బరువు కొట్టి ఇచ్చే చీటీలు పిడికెడు ఇంటికి తెచ్చాను. కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య చీటీ పెట్టి, మూసి, లాగి చూశాను. గట్టిగా మూసుకునే కిటికీ అయితే చీటీ చిరగాలి. ఒక్కటీ చిరగలేదు, అన్నీ నలగకుండా నా చేతికే వచ్చాయి. చట్రం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని గోటితో గీకితే నల్లగా పొడి రాలింది. ఇల్లు కట్టినప్పుడు బసవరాజ్ తన చేత్తో వేసిన పట్టీలు అవి. ఎండి, బిగుసుకుపోయి, అక్కడక్కడా అసలే లేవు.

కొత్తవి వేస్తాను. రబ్బరు పాతబడింది కాబట్టి వేస్తున్నాను, ఎవరి కోసమూ కాదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

హార్డ్‌వేర్ కొట్టు వీరభద్రకు ఈ రోజు మంచి జవాబు చెప్పాను. రాసి పెట్టుకోకపోతే మర్చిపోతాను.

"కిటికీలకు వేసే రబ్బరా? అది ఆడోళ్ల పని గాదుమ్మా. మీ ఇంట్లో మగోళ్లనెవరినన్నా పంపియ్యి, వాళ్లకు చెప్తా" అన్నాడు.

"మా ఇంట్లో మగోడు గోడ మీద ఫోటోలో ఉండాడప్పా. దించి పంపియ్యమంటావా?"

తర్వాత ఆయనే స్టూలు వేసి కూర్చోమని, వెనక గమ్ ఉన్న పట్టీలు మూడు రకాలు విప్పి చూపించాడు. నొక్కితే అణిగి, వదిలితే మళ్లీ లేచేది ఏరుకున్నాను. తెల్లది చూడటానికి బాగుంది కానీ నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది. అటువంటి దాన్ని పెట్టుకుని ఏం చేసుకోను?

ఇంటికి రాగానే అత్త రబ్బరు చుట్టలు చూసింది.

"ఏందిమే అది? పాములోడి మాదిరి బుట్టలో పెట్టుకొని వస్తాండావు?"

"రబ్బరు. పాతది పోయినాది."

"దుడ్లు ఎక్కువైనాయా నీకు? నేను పోయేదాన్ని. ఒక్కదానివి ఉండేదానికి ఎంత దుమ్ము వస్తే ఏమి?"

అత్తది ఆదోని పక్క పల్లె. డబ్బులను దుడ్లు అంటుంది, ఆ మాట లేకుండా ఒక పూట గడవదు. ఆ మాటకు నేనెప్పుడూ ఏమీ అనుకోను. నేను పోయేదాన్ని అని మాత్రం ఎంత తేలిగ్గా అంది! పోనీ. నాకేం.

ఫిబ్రవరి 19, బుధవారం

కాటా నుంచి రాగానే పాత పట్టీలు పీకడం మొదలుపెట్టాను. కూరగాయల కత్తితో కొంత, బసవరాజ్ స్క్రూడ్రైవరుతో కొంత.

పడమటి కిటికీ పై మూల చూస్తే కళ్లు తిరిగాయి. పట్టీ చాలక సైకిలు ట్యూబు ముక్క కోసి అతికించాడు మహానుభావుడు! ఎవరు చూడొచ్చారులే అని. ఆ మూల కిందే అత్త మంచం. ఇన్నేళ్లూ దుమ్ము అక్కడి నుంచి రాలుతుంటే నేను చీపురు పట్టుకుని లారీల వాళ్లను తిట్టాను. నీ పని ఎప్పుడూ ఇంతే కదయ్యా, ముప్పాతిక పని ముచ్చటగా చేసి, చివరి మూల దగ్గర టీ తాగడానికి పోతావు. రాయడమే కాదు, పైకే తిట్టాను.

"ఎవరితో మాట్లాడుతాండావు?" అని అత్త లోపలి నుంచి అరిచింది.

"నీ కొడుకుతో!"

"ఇంగా నాలుగు తగిలియ్యి. నా మాట ఎప్పుడు విన్యాడు వాడు!"

ఇద్దరం నవ్వాం.

ట్యూబు ముక్కను కూడా చెత్తలో వేసేశాను. పనికిరాని రబ్బరు ఎవరు వేసినా పనికిరానిదే.

ఫిబ్రవరి 23, ఆదివారం

కిటికీలన్నీ అయిపోయాయి!

గుడ్డకు థిన్నర్ తడిపి పాత గమ్ తుడిచాను. ఆ వాసన తగలకూడదని అత్తను పొద్దున్నే పక్కింటి రెజీనా దగ్గరికి పంపించాను. చట్రం ఆరాక, మూలల దగ్గర పట్టీని ఏటవాలుగా కోసి, ఒకదానికొకటి ఆనేట్టు అతికించాను. గాలి బుడగ లేకుండా బొటనవేలితో నొక్కుకుంటూ పోయాను. బొటనవేలు వాచింది. అయితేనేం, చీటీలు పెట్టి లాగితే ప్రతి కిటికీ దగ్గరా పర్రుమని చిరిగాయి. చిరిగిన చీటీ ముక్కలు చేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. పదో తరగతి పాసైనప్పుడు కూడా ఇంత సంతోషం లేదు.

రెజీనా చర్చికి పోయి వచ్చాక అత్తను ఇంటికి తెచ్చి దింపి, కిటికీలు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూసింది. రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసే మనిషి, దుమ్ము సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. "లారీ పోయినా చప్పుడే లేదక్కా! మా ఇంటికి ఎప్పుడు వస్తావో చెప్పు" అంది. నాకు నేనే రెండు అంగుళాలు పొడుగైనట్టు అనిపించింది.

సాయంత్రం దిండు మీద దిండు పెట్టుకుని ఆనుకునే అత్త, ఈ రోజు ఒక్క దిండుతో పడుకుంది. నేను చూడనట్టే ఉన్నాను. కాసేపటికి కళ్లు మూసుకునే అంది.

"నీకు శానా దమ్ముండాది రమణీ."

"నీకు గూడ ఉండాదిగదా దమ్ము."

నాది గుండె దమ్ము, ఆమెది ఆయాసం దమ్ము. ఆమెకు అర్థమై నవ్వింది, నవ్వుతో దగ్గు వచ్చింది, ఆ దగ్గులోనే నన్ను తిట్టింది.

మార్చి 2, ఆదివారం

ఈ రోజు వీధి తలుపు. పైన, రెండు పక్కలా ద్వారబంధానికి పట్టీ చక్కగా అతికింది. కింద గడప మీద, తలుపు వచ్చి ఆనే చోట కూడా వేశాను. దుమ్ముకు అసలు రాజమార్గం అదే. ఇంక ఈ ఇంట్లోకి దుమ్ము రావాలంటే నన్ను అడిగి రావాలి.

మార్చి 3

గడప పట్టీ ఊడింది.

మార్చి 4

మళ్లీ వేశాను, మళ్లీ ఊడింది. వీరభద్ర కొట్టుకు పోయి, గమ్ లేని సరుకు అంటగట్టావని అరిచి వచ్చాను. కిటికీలకు నిలిచింది గదమ్మా అన్నాడు. అయినా అరిచాను.

మార్చి 5, బుధవారం

ఊడిన పట్టీని తిప్పి చూశాను. గమ్ పక్క పచ్చగా ఉంది.

పసుపు! ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఈ ఇల్లు కట్టిన నాటి నుంచి ప్రతి శుక్రవారం అత్త ఆ గడప కడిగి, నూనె రాసి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడుతూనే ఉంది. పొర మీద పొర. పట్టీ అతుక్కున్నది గడపకు కాదు, పసుపుకు. పసుపు లేచి వస్తే దాంతోపాటే ఇదీ వస్తోంది. ఏ ఊళ్లో వాళ్లకు వస్తుంది ఈ కష్టం? కిటికీలకు ఎవరూ పసుపు పూయరు కాబట్టి బతికిపోయాను.

ఇప్పుడు ఏం చేయాలో నాకు తెలుసు. అత్తను అడగాలా? ఆమె పోయే మనిషి. ఇల్లు నాది.

మార్చి 6, గురువారం

గీకేశాను. అత్త రెజీనా ఇంట్లో సీరియల్ చూస్తుండగా కత్తితో గీకి, గరుకు కాగితం పట్టించి, థిన్నర్‌తో తుడిచాను. తలుపు ఆనే చోట మాత్రమే గీకాలనుకున్నాను. గీకుతూ పోతే ఒక చోట చెక్క, ఒక చోట పసుపు అసహ్యంగా కనబడింది. మొత్తం గీకేశాను. అడుగున వేప చెక్క ఎంత బాగుంది! వాసన పోయేదాకా తలుపు బార్లా తెరిచి పెట్టి, ఆరాక పట్టీ వేశాను. పట్టుకుని లాగినా రాలేదు. చీటీ కూడా చిరిగింది.

అత్త వెనక తలుపు నుంచి వచ్చింది కాబట్టి ఇంకా చూడలేదు.

మార్చి 7, శుక్రవారం

చూసింది.

పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పసుపు గిన్నె పట్టుకుని వీధి తలుపు తీసిన మనిషి, ఎంతసేపటికీ లోపలికి రాలేదు. పోయి చూస్తే గడప ముందు కూర్చుని, ఉత్త చెక్క మీద చెయ్యి పెట్టి ఉంది.

"నువ్వేనా?"

"పసుపు మీద గమ్ నిలవదత్తా. గీకక తప్పలేదు."

"మనిద్దరి మొగాన పసుపు కుంకుమ ఎట్లా లేకపాయె. ఈ గడపకన్నా ఉండనీ అని పూస్తాంటి నేను. వాడు కట్టిన గడప. దీనిగ్గూడ లేకుండా చేస్తివి గదా."

బసవరాజ్ పోయిన ఏడాది చుట్టాలు ఎవరో, ఇద్దరూ ముండమోసిన ఇంట్లో గడపకు పసుపెందుకు అన్నారు. అప్పుడు ఈమె వాళ్ల మొహం మీదే అడిగింది, మేము పోగొట్టుకున్నామని గడపను గూడ విధవను చేయాల్నా అని. ఆ రోజు ఆమెను చూసి నాకు ఎంత గర్వంగా అనిపించిందో నాకే తెలుసు. ఈ రోజు ఆ చుట్టాలు చేయలేని పని నేను చేశానన్నట్టు మాట్లాడింది.

గిన్నె అట్లాగే తీసుకుని లోపలికి పోయింది. ఉమామహేశ్‌కు ఫోను చేసి, చెప్పిన ఆదివారం తప్పకుండా రమ్మంది. నాకు వినబడాలనే గట్టిగా చెప్పింది.

మార్చి 8

నేనేం తప్పు చేయలేదు. ఆమె ఛాతీ కోసమే చేశాను.

మార్చి 9

పైన రాసింది కొట్టేయాలనుకున్నాను. ఆమె ఛాతీ కోసం కాదు, రబ్బరు పాతబడింది. నేనేం తప్పు చేయలేదు.

మార్చి 12, బుధవారం

రోడ్డు మీద ఈ రోజు బూడిద లారీ ఒకటి పైన పట్టా కప్పకుండా పోయింది. కాటాలో నా ముందున్న కాగితాలు తెల్లవో నల్లవో తెలియలేదు. ఇల్లు ఎట్లా ఉందోనని పరుగెత్తుకొచ్చాను. కిటికీ గూట్లో వేలు పెట్టి గీస్తే వేలికి ఏమీ అంటలేదు. అత్త మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఊపిరిలో ఎప్పుడూ వినబడే ఆ పిల్లికూత లేదు. మందులు కూడా పూట తప్పకుండా వేసుకుంటోంది, అదీ నిజమే. కానీ ఇవే మందులు కిటికీలు చేయకముందూ వేసుకుంది, అప్పుడు కూత ఉంది.

ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. చెప్పుకోవాల్సిన మనిషి నాతో మాట్లాడటం లేదు.

పాలకు వచ్చిన రెజీనాకు చెప్పాను. అంతా విని, "ఉండమని అడిగినావా అక్కా?" అంది.

"నేనెందుకు అడగల్ల? ఉండేవాళ్లు ఉంటారు, పోయేవాళ్లు పోతారు."

"ఆ పెద్దామె గూడ నాతో అదే మాటంటాది. అడిగేవాళ్లు అడుగుతారు, లేనోళ్లు లేదు అని. ఇద్దరికీ ఎంత పొగరబ్బా!"

పొగరు కాదు. మర్యాద. కన్నకొడుకు పిలుస్తుంటే అడ్డం పడటానికి నేనెవరిని?

మార్చి 14, శుక్రవారం

పొద్దున గడప దగ్గర చప్పుడైతే పోయి నిలబడ్డాను. అత్త గడప కడిగి, నూనె రాసి, పైభాగమంతా పసుపు పూసింది. పట్టీ దగ్గరికి వచ్చి వేలు ఆపింది.

"ఈ నల్లదానికి పసుపు తగిల్తే ఊడుతాదా?"

వారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట ఇది.

"అతుక్కునేదాకానే అత్తా భయం. ఇప్పుడేం చేసినా ఊడదు."

"అంత గట్టిదా?"

"లాగి చూడు."

లాగింది. ఇంకా గట్టిగా లాగింది. రాలేదు. హుఁ అని, ఆ నల్ల పట్టీ పొడుగునా పసుపు పూసి, నడుమ కుంకుమ పెట్టింది. మా గడప లాంటి గడప జిల్లాలో ఇంకొకటి ఉండదు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి, రెండూ ఆపుకున్నాను.

చేతులు కడుక్కుంటూ అంది: "నేను పోయినాక శుక్రారం శుక్రారం నువ్వే పెట్టుకో. మర్చిపోవద్దు."

సరే అన్నాను. సరే అన్నాను నేను!

మార్చి 17

కిటికీలతో పాటు వేసిన వంటింటి తలుపు పట్టీ ఇంకోసారి సరిచూశాను. బాగుంది.

మార్చి 19

వంటింటి తలుపు పట్టీ బాగుంది. అత్త చీరలు మడత పెట్టుకుంటోంది.

మార్చి 21, శుక్రవారం

నిన్న రాత్రి పడుకునే ముందు, ఆదివారం ఉమామహేశ్‌తో ఏం చెప్పాలో అనుకున్నాను. అప్పా, ఇల్లు చూడు, కిటికీలు చూడు, నీ మూడో అంతస్తులో ఇంత శుభ్రం ఉందా అని అడుగుతాను. ఇల్లు చూస్తే వాడికే తెలుస్తుంది. నేను నోరు తెరిచి చెప్పాల్సిన పని ఏముంది? అన్ని కిటికీలూ నేనేమనుకుంటున్నానో చెప్తూనే ఉన్నాయి.

మార్చి 23, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉమామహేశ్ పదకొండు గంటలకు కారు మాట్లాడుకుని వచ్చాడు. లోపలికి వచ్చి తలుపు మూయగానే రోడ్డు చప్పుడు ఆగిపోయింది. వాడు ఆగి చుట్టూ చూశాడు. నేను చెప్పకుండానే కిటికీ గూట్లో, ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి చూశాడు.

"ఇదంతా ఎవరు చేసినారు వదినా?"

"నేనే."

"ఒక్కరే?"

"ఇంగెవరుండారప్పా!" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో! చీటీ పెట్టి లాగి కూడా చూపించాను. వాడు నిజంగానే మెచ్చుకున్నాడు. మా ఇంట్లో గూడ దుమ్ము పడుతుంది వదినా, ఇంత బాగా లేదు అన్నాడు. తర్వాత అమ్మను దగ్గరికి పిలిచి, ఊపిరి గట్టిగా తీసుకోమని, వీపు మీద చెవి పెట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"కూత తగ్గినాదమ్మా. మరి ఉంటావా, వస్తావా? నువ్వే చెప్పు."

"నన్నెందుకు అడుగుతాండావు? ఇల్లు ఎవరిది? ఇంటామెను అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు.

అప్పుడు నేనేం చేశాను? పట్టీల గురించి చెప్పాను. మూలలు ఏటవాలుగా కోయకపోతే గాలి దూరుతుందని చెప్పాను. వీరభద్ర కొట్లో తెల్లది ఎందుకు తీసుకోలేదో చెప్పాను. నోరు ఆగకుండా చెప్తూనే ఉన్నాను. అత్త కాసేపు విని, లేచింది.

"బ్యాగు ఎత్తుకో నాయనా. ఎండ ముదరకముందే పోదాం."

వాడు బ్యాగు ఎత్తుకుని కారు దగ్గరికి పోయాడు. అత్త గడప దాటి మెట్టు మీద నిలబడి చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటోంది. రోడ్డు మీద లారీ పోయింది. దుమ్ము లేచింది. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ వంగింది. ఆ వంగిన వీపు చూస్తూ నేను లోపల నిలబడి ఉన్నాను, నా శుభ్రమైన ఇంట్లో, చేతిలో చిరిగిన చీటీ ముక్కతో. ఈమె వెళ్లిపోతే ఈ ఇంట్లో దుమ్ము ఉన్నా లేకపోయినా నాకెందుకు?

"పోవద్దత్తా."

ఆమె వినబడనట్టు నిలబడింది.

"పోవద్దు. నువ్వు ఉండాల. నాకు నువ్వు కావల్ల." నా గొంతు నాకే వినడానికి వింతగా ఉంది. "ఆయాసం వస్తే నేనే కర్నూలికి తీసకపోతా. నెల నెలా చూపిస్తా. ఈడనే ఉండు."

కారు దగ్గర ఉమామహేశ్ బ్యాగు కింద పెట్టాడు. అత్త నెమ్మదిగా నా వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు, దగ్గు వల్లనో దేని వల్లనో. గొంతులో మాత్రం ఎప్పటి కోపమే.

"ఈ ఒక్క మాట చెప్పేదానికి ఇన్ని కిటికీలు చేయల్లనా మే?"

గడప దాటి లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది.

"తలుపెయ్యి. దుమ్ము వస్తాండాది."